ఫుకి పెంచిన పులిపిరి

షిమోజావా ఊళ్లో ఒసనాయ్ ఫుకి ఎవరని అడిగితే తడుముకునేవాళ్లు కూడా, పులిపిర్లమ్మ అనగానే "ఓ, ఆవిడా!" అనేవాళ్లు. ఆమె ఆసుపత్రిలో చర్మరోగాల విభాగానికి రక్తపరీక్షలు చేసే మనిషి. కానీ వారంలో రెండు రోజులు గదిలో కూర్చోకుండా సైకిలెక్కి ఊరిమీద పడేది. సైకిలు వెనక మంచుముక్కలు కూరిన ఫ్లాస్కు ఉండేది. ముందు బుట్టలో సన్నకత్తులు, గాజుగొట్టాలు, గుడ్డలో చుట్టిన రెండు అన్నం ముద్దలు. బళ్లకూ, ఊరుమ్మడి స్నానాల ఇంటికీ, చేపల బజారుకూ, ఆపిల్ తోటలకూ తిరిగి, చేతికో కాలికో పులిపిర్లున్నవాళ్లను పట్టుకునేది. "కాస్త చెక్కి తీసుకోనా? నొప్పి పెట్టదు. ఒక్క సూది రక్తం కూడా ఇద్దురూ" అని బతిమాలేది.

ఈ తిరుగుడంతా డాక్టర్ మికామి గారి కోసం. కొందరి పులిపిర్లు పదేళ్లయినా కదలవు, కొందరివి చెప్పాపెట్టకుండా వారంలో రాలిపోతాయి. రాలినవాళ్ల రక్తంలో ఏముంది, రాలనివాళ్ల రక్తంలో ఏం లేదు? ఇదీ ఆయన్ను పట్టుకున్న ప్రశ్న. దానికి జవాబు వెతకాలంటే పులిపిరి వైరస్ కావాలి. ఆ వైరస్ ఏ గాజుబుడ్డిలోనూ పెరగదు, మనిషి చర్మంలోనే పెరుగుతుంది. అందుకని మనుషుల దగ్గరకే పోయి తెచ్చుకోవాలి. ఫుకి తెచ్చిన చెక్కుముక్కల్ని రోట్లో ఇసుకతో కలిపి నూరి, యంత్రంలో గిరగిరా తిప్పి, అడుగునా మీదా తీసేసి, చివరికి చుక్కలు చుక్కలుగా వైరస్ ఉన్న నీళ్లు తీసేవారు. బజారంతా తిరిగి తెచ్చినదానికి చెంచాడు కూడా వచ్చేది కాదు.

ఆ తరవాతి పనంటే ఫుకికి ప్రాణం. గాజుపళ్లెంలో నాచుజెల్లీ పలచగా పోసి, గడ్డకట్టాక మధ్యన ఒక చిన్న గుంట, చుట్టూ ఆరు గుంటలు తొలిచేది. మధ్యగుంటలో వైరస్ నీళ్లు, చుట్టూ ఉన్నవాటిలో ఆరుగురు రోగుల రక్తం మీది తేట. మూతపెట్టి రెండు రోజులు ముట్టుకోకూడదు. జెల్లీలో వైరస్ ఇటు నుంచి, రక్తంలోని యాంటీబాడీలు అటు నుంచి మెల్లగా పాకి వస్తాయి. రెండూ ఒకదాన్నొకటి పట్టుకుంటే, కలిసినచోట వెంట్రుకంత తెల్లగీత పడుతుంది. ఆ మనిషి ఒళ్లు తన శత్రువును గుర్తుపట్టిందని దానర్థం. గుర్తుపట్టకపోతే అక్కడ ఏమీ ఉండదు, ఉత్త జెల్లీ.

ఆ గీతలు చూడ్డానికి కళ్లు కావాలి. ఫుకి పద్దెనిమిదో ఏట ఆ గదిలోకి గాజుసామాను కడగడానికి వచ్చింది. తండ్రి ఆపిల్ పెట్టెలు చేసే వడ్రంగి, రెండేళ్ల ముందు పోయాడు. తల్లీ కూతుళ్లిద్దరే. చేరిన మూడో నెలలో ఒకరోజు, డాక్టరు గారు చూసి ఏమీ లేదని పక్కన పెట్టిన పళ్లేలు కడగడానికి తీసుకుపోతూ, గుమ్మంలో ఆగి, "నాలుగో గుంట పక్కన గీత ఒకటుందండీ" అంది. ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకుని పది నిమిషాలు చూస్తే గానీ కనిపించలేదు. మర్నాటి నుంచి గాజుసామాను కడిగే పని ఇంకొకరికి పోయింది. గీత తేలి కనిపించడానికి పళ్లెం వెనక పెట్టుకునే నల్లగుడ్డ ముక్కా, ఉత్తరపు కిటికీ పక్క బల్లా ఫుకివయ్యాయి.

ఆమెకు ఎవరూ చెప్పని అలవాటొకటుండేది. రక్తమిచ్చిన ప్రతివాడి దగ్గరకూ మళ్లీ వెళ్లి ఫలితం చెప్పి వచ్చేది. మాంసం కొట్టు నరుమికి రెండు చేతులా కలిపి నలభైకి పైగా పులిపిర్లు. మొదటిసారి అడిగినప్పుడు అతను కత్తి మొద్దుమీద కొట్టి పకపకా నవ్వాడు.

"మాంసం కొట్టోడి దగ్గరకొచ్చి మనిషి మాంసం అడుగుతున్నావేంటమ్మా!"

"మీరు కొయ్యక్కర్లేదు లెండి, నేనే కోసుకుంటా."

"పావుకిలో చాలా?"

"అంత ఉంటే మీరు పొట్లం కట్టించండి, మోసుకుపోతా" అంది ఫుకి. అతను చెయ్యి చాపాడు.

మూడు వారాలకు మళ్లీ వెళ్లి, "మీ రక్తంలో గీత వచ్చిందండీ, బాగా కనిపిస్తోంది" అని చెప్పింది.

"అయితే పోతాయా?"

"చెప్పలేం. గీత వచ్చినవాళ్లలో చాలామందికి పోయాయి. రానివాళ్లక్కూడా కొందరికి పోయాయి."

"ఇంకెందుకమ్మా ఈ గీతలూ గోలా?"

"ఎందుకో తెలుసుకుందామనే కదండీ, మీ చుట్టూ తిరుగుతున్నది."

ఆమెకు ఇరవై తొమ్మిదేళ్లు వచ్చిన ఏడు, అంటే 1974లో, ఫిబ్రవరి నెల మంచురోజుల్లో, చెక్కుముక్కలు తరుగుతుంటే కత్తి జారింది. రబ్బరు తొడుగు చిరిగి కుడిచేతి చూపుడువేలు గోరు పక్కన గీసుకుంది. కడుక్కుని, మందు రాసుకుని, అలవాటు ప్రకారం పనిపుస్తకంలో తారీఖు వేసి రాసుకుంది. తరవాత మరిచిపోయింది. మే నెలలో, తోటలన్నీ పూతమీదున్నప్పుడు, అదే చోట నూకగింజంత గట్టిగా తగిలింది. మూడు వారాల్లో అది బఠాణీలో సగమైంది.

డాక్టరు గారికి చూపించింది. ఆయన ముఖం వెలిగిపోయింది.

"ఫుకి గారూ! ఏ రోజు అంటుకుందో తెలిసిన పులిపిరి! ఎంతమంది దగ్గర ఉంటుందండీ ఇలాంటిది?" అనేసి, వెంటనే నాలిక్కరుచుకున్నాడు. చెవులు ఎర్రబడ్డాయి. "క్షమించండి. ఇవాళే కాల్చేద్దాం. కూర్చోండి."

ఫుకి కూర్చోలేదు. రేపు చెబుతానంది. ఆ సాయంత్రం సైకిలు నడిపించుకుంటూ ఇంటికి పోతూ ఆలోచించింది. పదేళ్లుగా ఊళ్లోవాళ్ల చేతులు చెక్కుతోంది. వాళ్లందరి రక్తమూ మధ్యలో అందిన కథే, మొదలెప్పుడో ఎవరికీ తెలియదు. తన కథకు మొదలుంది. గీత ఎన్నో నెలలో వస్తుందో, పులిపిరి పోకముందా పోయాకా, ఒక్కరిలోనైనా మొదటి నుంచి చూడొచ్చు. మర్నాడు పొద్దున, "ఉంచేద్దామండీ. పదిహేను రోజులకోసారి రక్తం తీయండి" అంది.

"మీరు బాగా ఆలోచించుకునే..."

"ఆలోచించుకున్నానండీ. తీయండి."

ఈ సంగతి ఆమె తల్లి తొమెకు మింగుడుపడలేదు. తొమె సన్నగా, గట్టిగా, తోటల్లో కాయలకు కాగితం సంచులు కట్టి కట్టి అరచేతులు గరుకెక్కిన మనిషి.

"ఊరందరివీ పీకే దానివి, నీది నువ్వు నీళ్లు పోసి పెంచుకుంటావుటే?"

"నీళ్లు పొయ్యక్కర్లేదమ్మా, అదే పెరుగుతుంది."

"నవ్వు, నవ్వు. సావా ఏదో సంబంధం తెస్తోంది. ఆ వేలు చూస్తే వచ్చినవాళ్లు వచ్చినట్టే పోతారు."

సావా అంటే తొమె చెల్లెలు, సంబంధాలు కుదర్చడంలో చెయ్యి తిరిగింది. ఆమె తెచ్చిన అబ్బాయి అకైషి సెయికిచి. ముప్ఫై మూడేళ్లు. సహకార సంఘం ఆపిల్ షెడ్డులో కాయలు వేరుచేసే పని. మాట తక్కువ, తాగుడు తక్కువ, తల్లి ఒక్కతే. ఫొటోలు ఇచ్చిపుచ్చుకోవడం అయ్యాక, కోతలు మొదలవకముందే సెప్టెంబరులో పక్క పట్నంలోని భోజనశాలలో పెళ్లిచూపులు పెట్టుకున్నారు.

ఆ పొద్దున తొమె కూతురి వేలికి తనే ప్లాస్టరు చుట్టింది. "ఎవరైనా అడిగితే వంటింట్లో తెగిందని చెప్పు. ఈ ఒక్కసారికి నా మాట విను" అంది. తల్లి కళ్లు చూసి ఫుకి సరేనంది. నీలం కిమోనో కట్టుకుంది. పొడుగు చేతుల మాటున వేలు దాగిపోయింది కూడా.

అందరూ మోకాళ్లమీద కూర్చున్నారు. వాతావరణం గురించి మాట్లాడుకున్నారు. ఈ ఏడు కాయకు రంగు బాగా దిగుతుందని సావా అంటే, దిగుతుందని సెయికిచి అన్నాడు. వేడి పులుసు గిన్నెలు వచ్చాయి. ఫుకి మూత తీయబోతే అది బిగుసుకుపోయింది. రెండు చేతులా పట్టి తిప్పింది. ఆవిరికి మెత్తబడిన ప్లాస్టరు జారి, పులుసులో పడకుండా అంచున వేలాడింది.

సెయికిచి తల్లి యోనె తొంగిచూసింది. "అయ్యో, వేలికేమైందమ్మాయీ?"

"వంటింట్లో తెగిందండీ, ముల్లంగి తరుగుతుంటే" అంది తొమె చప్పున.

ఎదురుగా ఉన్నవాళ్లకు వేలు స్పష్టంగా కనిపిస్తోంది. ఫుకికి ముఖం వేడెక్కింది. ప్లాస్టరు తీసి మడిచి పళ్లెం పక్కన పెట్టింది. "తెగలేదండీ. పులిపిరి" అంది.

"ఆసుపత్రిలోనే ఉంటావాయె, కాల్పించుకోలేదూ?"

"కాల్పించుకోవచ్చండీ. కావాలనే ఉంచుకున్నాను." ఎందుకుంచుకుందో నాలుగు ముక్కల్లో చెప్పింది. గీత సంగతి కూడా చెప్పింది.

సెయికిచి అప్పుడు తలెత్తాడు. "గీత రావడానికి ఎన్నాళ్లు పడుతుంది?" అన్నాడు. కాయల రంగు కాక అతను మాట్లాడిన మొదటి మాట అదే.

"తెలీదండీ. అదే చూస్తున్నాం."

"రాకపోతే?"

"రాలేదని రాస్తాం."

"అంటుకుంటుందా?" అంది యోనె, తన చాపను వేలెడంత వెనక్కి జరుపుకుంటూ.

బల్ల కింద తొమె చెయ్యి వచ్చి కూతురి మోకాలిమీద గట్టిగా గిల్లింది.

"అంటుకుంటుందండీ" అంది ఫుకి.

తిరుగుబస్సులో తొమె సగం దారిలో ఉండబట్టలేకపోయింది.

"అంటుకోదని ఒక్క ముక్క అంటే నీ సొమ్మేం పోయేదే?"

"అంటుకుంటుంది కదమ్మా."

"జలుబూ అంటుకుంటుంది. అలాగని ఊళ్లో పెళ్లిళ్లు మానుకున్నారా? అడగనిదానికి హరికథ చెప్పావు, అడిగినదానికి అబద్ధం చెప్పలేకపోయావు."

నాలుగో రోజున సావా కబురు పట్టుకొచ్చింది. ఈ ఏడు ఒసనాయ్ వాళ్ల ఇల్లు తమ ఇంటికి మంచి దిక్కున లేదట, తీవ్రంగా ఆలోచించి, బాధతో వద్దనుకున్నారట. ఫుకి ఆ మాట విని, అలాగా అని, ముల్లంగి తొక్కు తీయడం పూర్తిచేసింది. తనకేం పట్టలేదనుకుంది. కానీ రెండు రోజుల పాటు సైకిలు మీద పోతుంటే, ఆ చాప వెనక్కి జరిగిన చప్పుడు చెవిలో వినిపిస్తూనే ఉంది.

అక్టోబరులో, ఊరంతా కోతల్లో తలమునకలై ఉన్నప్పుడు, వేలు దురద పెట్టడం మొదలైంది. పులిపిరి చుట్టూ ఎర్రబడింది, తరవాత నల్లబడి, ఎండిన పొట్టులా అయింది. తొమ్మిదో రోజున ముఖం కడుక్కుంటుంటే ఊడి చేతిలోకి వచ్చింది. కింద చర్మం పసిబిడ్డ చర్మంలా ఉంది. డాక్టరు గారు ఆ రోజూ, వారానికీ, మళ్లీ పదిహేను రోజులకూ రక్తం తీశాడు. నవంబరు చివర సెందాయ్‌లో వైద్యుల సభ ఉంది. ఆయన అక్కడ చదవబోయేది ఈ పనంతా. అందులో అందరికన్నా ముఖ్యమైన రోగి పేరు లేని ఇరవై తొమ్మిదేళ్ల స్త్రీ.

మే నుంచి అప్పటిదాకా ఆమె రక్తంలో ఒక్క గీతా రాలేదు. చివరి రక్తంతో పళ్లెం వేసి, రెండు రోజులాగి, ఇద్దరూ కిటికీ దగ్గర నిలబడ్డారు. డాక్టరు గారు ముందు తీసుకున్నాడు.

"అదిగో! రెండో గుంట పక్కన! చూడండి, చూడండి!"

ఫుకి నల్లగుడ్డ వెనక పెట్టి చూసింది. పళ్లెం అటూ ఇటూ వంచింది. అది రావాలని ఆమెకన్నా ఎక్కువ కోరుకున్న మనిషి ఆ గదిలో లేడు. ఆమెకు కనిపించింది మాత్రం గుంట తొలిచినప్పుడు జెల్లీ చిట్లిన చిన్న పగులు.

"గుంట అంచు పగిలిందండీ."

"పగులు అంత తిన్నగా ఉంటుందా?"

"వంకరగానే ఉందండీ."

"ఫుకి గారూ, ఇది మీ రక్తం. ఆరు నెలలు మీరు..." ఆయన కళ్లద్దాలు తీసేశాడు. "మీ సంబంధం తప్పిపోయిందని తెలుసు నాకు. ఊరికే పోకూడదు కదా ఇదంతా."

ఫుకి పళ్లెం కింద పెట్టింది. "నా రక్తం కాబట్టే నా మాటా వద్దు, మీ మాటా వద్దండీ. మళ్లీ పెడదాం. సీసాల మీద పేర్లు తీసేసి అంకెలు వేస్తాను. నరుమి గారిదీ, స్నానాలింటి అవ్వదీ, ఇంకొందరివీ కలిపేస్తాను. ఏదెవరిదో నాకే తెలుస్తుంది. మీరొక్కరే చూసి రాయండి, నేను బయట ఉంటాను."

ఆయన ముఖం ముడుచుకున్నాడు కానీ కాదనలేదు.

రెండు రోజుల తరవాత ఆయన గంటసేపు ఒంటరిగా కూర్చుని చూశాడు. ఫుకి వరండాలో నిలబడింది. తలుపు తీసి కాగితం ఇచ్చాడు. ఒకటి ఉంది, మూడు ఉంది, నాలుగు సన్నగా ఉంది, ఏడు ఉంది. తక్కినవి లేవు. ఫుకి జేబులోంచి తన చీటీ తీసి పక్కన పెట్టింది. మూడు నరుమిది. రెండు సీసాల్లో పెట్టిన ఆమె రక్తం అయిదు, ఎనిమిది.

డాక్టరు గారు ఆ రెండు కాగితాల్నీ చాలాసేపు చూశాడు. తరవాత కోటు వేసుకుని వెళ్లిపోయాడు. ఫుకి పళ్లేలు తీసుకుని నీళ్ల తొట్టి దగ్గరకు పోయింది. అది ఇప్పుడు ఆమె పని కాకపోయినా అన్నీ తనే కడిగింది. కడుగుతూ ఏడ్చింది. పెళ్లి తప్పినందుకు రాని ఏడుపు అప్పుడు వచ్చింది. ఆమె ఒళ్లు ఆ పులిపిరిని ఎలా వదిలించుకుందో ఆ ఒంటికే తెలియాలి. జెల్లీకి మాత్రం చెప్పలేదు.

డాక్టరు గారు రెండు రోజులు ముభావంగా ఉన్నాడు. మూడో రోజు పొద్దున తను రాసుకున్న కాగితాలు తెచ్చి ఆమె బల్లమీద పెట్టాడు. పద్నాలుగో రోగి, అంటే ఫుకి దగ్గర, పులిపిరి దానంతటదే పోయింది, ముందు గానీ తరవాత గానీ యాంటీబాడీలు కనిపించలేదు, అని ఉంది.

"సరిపోయిందా?" అన్నాడు కటువుగా.

"సరిపోయిందండీ."

"ఇక మీదట అన్నీ అంకెలు వేసే చూద్దాం. ఇన్నాళ్లూ నేను చూసినవాటిలో ఎన్ని పగుళ్లున్నాయో ఏమో" అని, టీ పెట్టమనకుండా తనే పెట్టుకోవడానికి పోయాడు.

డిసెంబరు మొదట్లో, మంచు మోకాలిలోతు పడ్డాక, ఒకరోజు మధ్యాహ్నం భోజనాల వేళ అకైషి సెయికిచి ఆసుపత్రికి వచ్చాడు. చేతిలో గుడ్డసంచి. వరండాలో బూట్ల మంచు దులుపుకుని, ఎవరికీ ఏమీ చెప్పకుండా, ఫుకి బయటికి వచ్చేదాకా గోడ పక్కన నిలబడ్డాడు.

"గీత వచ్చిందా?" అన్నాడు.

ఫుకి తెల్లబోయింది. "రాలేదండీ. పులిపిరి పోయింది, గీత రాలేదు."

"ఏమని రాశారు?"

"రాలేదని."

అతను తలూపాడు. "మా షెడ్డులో కూడా ఇంతే. కాయ మంచిదైతే బాగుండునని చూస్తే, మచ్చ కనపడదు. చాలామంది అలాగే చూస్తారు." సంచి ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు. "మా అమ్మ దిక్కు బాలేదంది కదా. నేను దిక్సూచి పెట్టి చూశాను. మీ ఇల్లు మాకు సరిగ్గా తూర్పు. తూర్పుకేం తక్కువో నాకర్థం కాలేదు."

ఫుకికి నవ్వొచ్చింది. ఆపుకోవడానికి చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది.

"అదే వేలా?" అన్నాడు.

"అదే."

"ఏం కనపడ్డం లేదే."

"లేదు కదా, ఏం కనపడుతుంది?"

సంచిలో ఏడు ఆపిల్స్ ఉన్నాయి. అన్నిటికీ ఎక్కడో ఓ మచ్చ. అమ్మకానికి పోనివి, కానీ షెడ్డులో అన్నిటికన్నా తియ్యనివి ఇవేనని చెప్పి వెళ్లిపోయాడు. మర్నాడు సావాకు కబురు పంపాడు. యోనె నెల రోజులు పంతం పట్టింది. కొత్త సంవత్సరం వచ్చింది కాబట్టి దిక్కులన్నీ మారిపోయాయని సావా ఆమెకు నచ్చజెప్పింది. ఏప్రిల్‌లో పెళ్లయింది. ఫుకి ఉద్యోగం మానలేదు. మానమని సెయికిచి అడగలేదు.

పెళ్లయిన రెండో ఏడు సెయికిచి బొటనవేలి మీద పులిపిరి లేచింది. భార్య నుంచి వచ్చిందో, షెడ్డులో ఎవరి నుంచి వచ్చిందో చెప్పలేం. యోనె మాత్రం వారం రోజులు కోడలి వంక చూసి నిట్టూర్చింది. ఫుకి అతని రక్తం తీసి, అంకె వేసి, పళ్లెంలో పెట్టింది. గీత వచ్చింది. వెంట్రుకంత కాదు, సుద్దముక్కతో గీసినట్టు వచ్చింది. డాక్టరు గారు అందర్నీ పిలిచి చూపించాడు.

"ఏమండోయ్, నా ఒంట్లో ఆరు నెలలున్నా రానిది, మీ ఒంట్లో ఆరు వారాలకే వచ్చింది" అంది ఫుకి ఇంటికొచ్చి.

"నాణ్యమైన సరుకు" అన్నాడు సెయికిచి.

ఇంటికి ఎవరొచ్చినా అతను ఆ గీత సంగతి చెప్పేవాడు. మాట తక్కువ మనిషికి చెప్పుకోవడానికి ఒకటి దొరికింది. అయితే గీత వచ్చిందే కానీ పులిపిరి నాలుగేళ్లు కదల్లేదు. అత్తగారు తొమె మూడు వేసవులు వంకాయ తొడిమతో అల్లుడి వేలు రుద్దింది. యోనె ఊరవతలి రాతిదేవుడికి మొక్కుకుని నీళ్లు తెచ్చి పోసింది. అది పోయిననాడు ఇద్దరు ముసలమ్మలూ నా వల్లంటే నా వల్లని వాదించుకున్నారు. ఎవరి వల్లో నువ్వు చెప్పమని ఫుకిని మధ్యకు లాగారు.

"నాకు తెలీదత్తయ్యా" అంది ఫుకి.

"ఇన్నేళ్లు ఆ పళ్లేలు చూసి ఏం లాభమే?" అంది తొమె.

ఫుకి అరవయ్యో ఏటి దాకా ఆ బల్ల దగ్గరే పనిచేసింది. జెల్లీ పళ్లేలు పోయి యంత్రాలు వచ్చాయి. కంటితో చూసే పని అంకెలు చూసే పనిగా మారింది. కొత్తగా చేరిన అమ్మాయిలకు ఆమె నేర్పిన తీరు వేరుగా ఉండేది. మొదటి నెలంతా పాతపద్ధతిలో జెల్లీ పళ్లేలు వేసి, గీతలు లేనివే చూపించేది. వాళ్లు విసుక్కునేవారు. కిటికీ దగ్గర నిలబెట్టి, ఏముందో చెప్పమనేది. ఏమీ లేదని ఒకమ్మాయి మొహమాటపడకుండా గట్టిగా చెప్పిన రోజున, ఇంటి నుంచి తెచ్చిన ఆపిల్ ఒకటి కోసి సగం ఆమె చేతిలో పెట్టేది.